మన్యంలో దోమల మీద పనికి వెళ్తున్న మా అమ్మాయికి

చిరంజీవి మాధవికి, పెదనాన్న ఆశీస్సులు.

పాడేరు ప్రాజెక్టులో చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎమ్మెస్సీ చదివించింది కొండల్లో దోమలు పట్టడానికా అని మీ అమ్మ సణుగుతోందట. సణగనీ. నేను మలేరియా డిపార్టుమెంటులో చేరినప్పుడు మా అమ్మా ఇదే మాట అంది. ఆ దోమల జీతంతోనే ఈ ఇల్లు లేచింది.

దోమలు ఎలా పట్టాలి, వాటిలో ఏం చూడాలి, ఏం రాసుకోవాలి అని నువ్వు వాట్సాప్‌లో అడిగినవాటికి ఫోన్‌లో జవాబు చెప్తే ఆ చెవిన విని ఈ చెవిన వదిలేస్తావు. కాగితం మీద ఉంటే ఫీల్డ్ బ్యాగులో పడి ఉంటుంది, ఎప్పుడో అవసరానికి పనికొస్తుంది. అందుకే రాస్తున్నాను.

చేరిన మొదటి వారంలోనే నీ చేతికి ఒక ఫారం ఇస్తారు. అందులో పర్ మ్యాన్ అవర్ డెన్సిటీ అని ఒక గడి ఉంటుంది. ఒక మనిషి గంటసేపు ఇళ్లలో వెతికితే ఎన్ని దోమలు దొరికాయన్న లెక్క అది. పై ఆఫీసులో అందరి చూపూ ఆ గడి మీదే. ఆ అంకె పెరిగితే కంగారు, తగ్గితే సంబరం. నువ్వు ఆ గడి నింపు, కానీ అక్కడితో పని అయిపోయిందనుకోకు. ఒక ఊళ్లో దోమలు కుప్పలుతెప్పలుగా ఉండి జ్వరాలు లేకపోవచ్చు. ఇంకో ఊళ్లో గంటకి రెండో మూడో దొరికినా ఇంటింటా చలిజ్వరం ఉండొచ్చు. ఎందుకన్నది అర్థమైతే మిగతా పనంతా దానంతటదే దారిలో పడుతుంది.

లెక్క చెప్తాను, చూడు. ఆడ ఎనాఫిలిస్ దోమ మలేరియా రోగిని కుట్టింది. క్రిములు దాని కడుపులోకి వెళ్లాయి. మన ఉక్కపోత వాతావరణంలో ఫాల్సిపారం అనే మలేరియా క్రిమి ఆ కడుపు గోడలో పెరిగి, పగిలి, లాలాజల గ్రంథులకి చేరడానికి దాదాపు పది పన్నెండు రోజులు పడుతుంది. చలి ఎక్కువైతే ఇంకా ఆలస్యం, 18 డిగ్రీల లోపు అయితే దాదాపు ఆగిపోతుంది. అన్ని రోజులూ ఆ దోమ బతికి ఉంటేనే ఇంకొకరికి జ్వరం అంటించగలదు. ఇప్పుడు రోజుకి వందలో 90 దోమలు బతికే ఊరు అనుకో. పది రోజుల తర్వాత 35 మిగులుతాయి. రోజుకి 80 బతికే ఊరైతే? పది రోజులకి మిగిలేవి 11 కూడా ఉండవు. రోజువారీ బతుకులో పది తేడా, చివరికొచ్చేసరికి మూడింతల పైన తేడా అయింది. అదే దోమల సంఖ్యని సగానికి తగ్గించావనుకో, ప్రమాదం తగ్గేది సగమే. 1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ ఈ లెక్క కట్టి చూపించాకే, గోడలకి మందు కొట్టడం ఎందుకు అంత బాగా పనిచేస్తోందో అందరికీ తెలిసొచ్చింది. రక్తం తాగిన దోమ బరువెక్కి దూరం ఎగరలేదు, దగ్గర్లో ఉన్న గోడ మీద వాలుతుంది. రెండు మూడు రోజులకోసారి రక్తం తాగాలి కాబట్టి ఆ పది పన్నెండు రోజుల్లో నాలుగైదు సార్లు గోడ మీద వాలాలి. ప్రతిసారీ మందు తగులుతుంది. ముసలిదయ్యేలోపు చచ్చిపోతుంది.

అందుకే నిన్ను ఎవరైనా "ఎన్ని దోమలు దొరికాయి" అని అడిగితే చెప్పు. నువ్వు మాత్రం ఆ దోమ ఏ జాతిది, వయసెంత, ఎవర్ని కుట్టింది, ఎక్కడ వాలింది, మందుకి చస్తుందా లేదా అని నీ బుక్కులో రాసుకో.

జాతి సంగతి ముందు. రొనాల్డ్ రాస్ కథ నువ్వు చదివే ఉంటావు. ఆయన సంవత్సరాల తరబడి కోసి చూసినవన్నీ ఎక్కువగా క్యూలెక్స్, ఏడిస్ దోమలే. కళ్లు పోయేలా వెతికినా ఏమీ కనపడలేదు, కనపడదు కూడా, మనిషి మలేరియా వాటిలో పెరగదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, రెక్కల మీద మచ్చలున్న దోమని కోసినప్పుడు దాని కడుపు గోడలో నల్లటి రంగు రేణువులతో గుండ్రటి కణాలు కనిపించాయి, అవే మలేరియా క్రిములు. ఆ దోమలు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టినవి. కుట్టిన ఒక్కో దోమకి అతనికి అణా చొప్పున ఇచ్చారు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్‌కి అణాలు మిగిలాయి. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది, హైదరాబాదు వెళ్లినప్పుడు చూసి రా.

నీ ఏరియాలో ముఖ్యంగా చూడాల్సిన ఎనాఫిలిస్ జాతులు రెండు, క్యూలిసిఫేసిస్, ఫ్లూవియాటిలిస్. రెండూ చిన్నవి, గోధుమ రంగువి, రెండిటి కాళ్ల మీదా పట్టీలు ఉండవు. రెక్క మీద మూడో ఈనె చూడు. అది నల్లగా ఉంటే క్యూలిసిఫేసిస్, చాలావరకు తెల్లగా ఉంటే ఫ్లూవియాటిలిస్. రెక్క పొలుసులు రాలిపోయిన దోమ దగ్గర ఊహించి రాయకు, పేరు ఖాళీగా వదిలెయ్. పుస్తకంలో ఎనాఫిలిస్ అంటే గోడకి ఏటవాలుగా తోక పైకెత్తి కూర్చుంటుందని బొమ్మ ఉంటుంది కదా. క్యూలిసిఫేసిస్ ఆ బొమ్మలో ఉన్నట్టు కూర్చోదు. దాదాపు క్యూలెక్స్ లాగే గోడకి సమాంతరంగా కూర్చుంటుంది. కొత్తవాళ్లు క్యూలెక్స్ అనుకుని వదిలేసేది దాన్నే, అంటే మనకి అన్నిటికన్నా కావాల్సినదాన్ని. ఇక కాళ్ల మీద పట్టీలున్న సబ్‌పిక్టస్ అని ఒకటుంది, వానాకాలంలో మురికి గుంటల్లో కూడా పుడుతుంది. పశువుల పాకల్లో అదే రాజ్యం. నీ గంట లెక్కని ఆకాశానికి ఎత్తేది అదే. మన లోపలి జిల్లాల్లో మలేరియాతో దానికి పెద్దగా సంబంధం లేదు. అన్నట్టు నీకు జయపోరియెన్సిస్ అని ఒక దోమ కూడా దొరుకుతుంది. మన పక్కన ఒడిశాలో ఉన్న జయపురం పేరే దానికి 1902లో పెట్టారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. క్యూలిసిఫేసిస్ అని మనం రాసేది నిజానికి ఒక జాతి కాదు, పైకి ఒకేలా కనపడే ఐదు జాతులు. ఏ, బీ, సీ, డీ, ఈ అని అక్షరాలతో పిలుస్తారు. 1980 ప్రాంతంలో గ్రీన్, మైల్స్ మొదటి రెండిటినీ విడదీశారు. తర్వాత ఢిల్లీలోని మలేరియా పరిశోధన సంస్థలో సరళా సుబ్బారావు గారు, వాళ్ల బృందం దోమ అండాశయంలోని క్రోమోజోముల చారలు చూసి మిగతావాటినీ, ఏది ఎక్కడ జ్వరం మోస్తుందో కూడా తేల్చారు. మన దేశంలో బీ రకానికి పశువుల మీదే మోజు, అది మలేరియా మోసేది బహు తక్కువ. ఫ్లూవియాటిలిస్‌లోనూ అంతే. ఎస్, టీ, యూ అని మూడున్నాయి. అందులో ఎస్ రకం మనుషుల్నే వెతుక్కుని కుడుతుంది, మనుషులున్న గదుల్లోనే వాలుతుంది. కొండ అడవుల్లో గంటకి రెండు దోమలు దొరికినా జ్వరం ఆగకపోవడానికి అదే కారణం. కాబట్టి పట్టిన ప్రతి దోమనీ విడివిడిగా చిన్న ట్యూబులో, అడుగున కాస్త సిలికా జెల్, పైన దూది పెట్టి దాచు. ఏ ఇల్లు, ఏ గది, ఏ తేదీ అన్నది పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలే వెయ్యి. పెన్ను ఇంకు చెమటకి పోతుంది. పీసీఆర్, అంటే డీఎన్ఏ చూసి ఏ రకమో తేల్చే పరీక్ష, చేసేవాళ్లు ఎక్కడో ఉంటారు, ఆరు నెలల తర్వాత చేస్తారు. అప్పుడు నీ చీటీ లేకపోతే ఆ దోమ చెత్త కింద లెక్క.

పట్టడం గురించి. తెల్లవారుజామున, ఇంట్లో వాళ్లు లేచి పొయ్యి వెలిగించక ముందే వెళ్లాలి. పొగ లేచిందంటే దోమలు కదిలిపోతాయి. అంటే ముందురోజు సాయంత్రమే ఊరికి చేరి, ఊరి పెద్దకీ ఆశా కార్యకర్తకీ చెప్పి, ఏ ఇళ్లకి వస్తావో ఆ ఇంటి ఆడవాళ్లతో మాట్లాడి ఉండాలి. నువ్వు ఆడపిల్లవి కావడం ఇక్కడ మంచిదే, మమ్మల్ని గుమ్మం దాటనివ్వడానికి చాలా ఇళ్లలో తటపటాయించేవాళ్లు. టార్చి వెలుగు తిన్నగా కొట్టకు, గోడకి పక్కవాటుగా పెట్టు. దోమ నీడ పొడుగ్గా పడి ఇట్టే కనపడుతుంది. మంచం కింద, వేలాడే బట్టల వెనక, ధాన్యం గాదె వెనక, చూరు కింది చీకటి మూల, ఇవి వదలకు. సక్షన్ ట్యూబుతో పీల్చేటప్పుడు గట్టిగా లాగితే పొలుసులు రాలిపోతాయి, రెక్కలు చిరుగుతాయి. చిన్న ఊపిరి చాలు. ట్యూబుకి నాలుగైదుకి మించి వెయ్యకు. తడి తుండు చుట్టి నీడలో పెట్టు. చీమల్ని మర్చిపోకు. మకాంకి వచ్చి టీ తాగేలోపు ఒక పూట పనంతా చీమలు మోసుకుపోతాయి. బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాల్సిందే.

పశువుల పాకలో ఎక్కువ దొరుకుతాయి కాబట్టి అందరూ అక్కడే గంట గడిపేస్తారు. పాకలో పట్టినవాటిలో పశువు రక్తం ఉండటం వింత కాదు. మనుషుల గదుల్లో ఎంతసేపు వెతికావో, పాకలో ఎంతసేపు వెతికావో విడిగా రాయి. బయట పొదల్లో, గెడ్డ (కొండవాగు) గట్టున ఉన్న తొర్రల్లో కూడా వెతుకు. రక్తం తాగి ఉన్న దోమ పొట్టని ఫిల్టర్ పేపర్ మీద నలిపి ఆరబెట్టి నంబరు వెయ్యి. ఆ మరకే చెబుతుంది, కుట్టింది ఆవునా, మనిషినా అని.

వయసు చూడటం నీకు బాగా నచ్చే పని అవుతుందని నా అంచనా, చిన్నప్పటి నుంచీ నీ చేయి నిదానం. ఈథర్‌తో మత్తిచ్చి, రెక్కలు కాళ్లు తీసేసి, స్లైడు మీద సెలైన్ చుక్కలో పెట్టు. ఎడమ సూదితో రొమ్ము నొక్కి పట్టి, కుడి సూదితో తోక కొస పక్కన చిన్న గాటు పెట్టి మెల్లగా లాగితే కడుపు, అండాశయాలు కలిసి బయటికొస్తాయి. అండాశయాన్ని డిస్టిల్డ్ వాటర్ చుక్కలోకి మార్చి ఆరనివ్వు. మైక్రోస్కోపులో గాలిగొట్టాల కొసలు నూలు ఉండల్లా చుట్టుకుని ఉంటే అది ఇంకా గుడ్లు పెట్టని పడుచు దోమ. ఆ చుట్టలు విప్పుకుని సాగిపోయి ఉంటే కనీసం ఒకసారి గుడ్లు పెట్టింది. ఇది డెటినోవా అనే రష్యన్ శాస్త్రవేత్త పద్ధతి. ఒక జాగ్రత్త. గుడ్లు ఎదిగిన దోమలో ఈ పరీక్ష చెయ్యకూడదు, గుడ్లు పెరిగే కొద్దీ ఆ చుట్టలు ఎలాగూ విప్పుకుంటాయి. ఖాళీ పొట్టవి, అప్పుడే రక్తం తాగినవి మాత్రమే తీసుకో. మందు కొట్టక ముందు వందలో ఎన్ని గుడ్లు పెట్టినవి, కొట్టిన నెలకి ఎన్ని? ఆ నిష్పత్తి పడిపోతే మందు పనిచేస్తున్నట్టు. దోమల సంఖ్య తగ్గినా నిష్పత్తి అలాగే ఉంటే, తగ్గింది మందు వల్ల కాదేమో, గెడ్డ ఎండిపోవడం వల్లేమో అని అనుమానించు.

లాలాజల గ్రంథులు కూడా చూడు. వందల దోమలు కోసినా ఒక్కదాంట్లోనూ స్పోరోజాయిట్లు, అంటే మనిషికి అంటుకునే దశలో ఉన్న మలేరియా క్రిములు, కనపడకపోతే డీలా పడకు. క్యూలిసిఫేసిస్‌లో మామూలుగా దొరికేదే అంత తక్కువ. ఎన్ని కోశావన్నది రాసి, సున్నా అని రాయి. ఆ సున్నాకీ విలువుంది. ఏదో ఒకటి చూపించాలన్న ఆరాటంలో కండరపు పోగుని స్పోరోజాయిట్ అని రాసినవాళ్లని చూశాను.

లార్వాల కోసం గెడ్డకి వెళ్లినప్పుడు సూర్యుడికి ఎదురుగా నిలబడు, నీ నీడ నీళ్ల మీద పడితే అన్నీ మునిగిపోతాయి. ఎనాఫిలిస్ లార్వాకి తోక కొసన ఊపిరి గొట్టం ఉండదు కాబట్టి నీటి మీద పడుకున్నట్టు తేలుతుంది, క్యూలెక్స్ అయితే తలకిందులుగా వేలాడుతుంది. ఫ్లూవియాటిలిస్ నడి గెడ్డలో దొరకదు. గడ్డి నీళ్లలోకి వంగిన అంచుల్లో, మెల్లగా కదిలే ఊట నీళ్లలో చూడు. జోరు వానల్లో గెడ్డ పొంగితే లార్వాలన్నీ కొట్టుకుపోతాయి. వానలు వెనకబట్టి నీరు తేటపడ్డాక, అంటే చలికాలం ముఖాన మళ్లీ పెరుగుతాయి. క్యూలిసిఫేసిస్‌కి వాన గుంటలు, కాలవలు, కొత్తగా నీరు పెట్టిన మడులు, గెడ్డ ఎండేటప్పుడు ఇసకలో మిగిలే చలమలు ఇష్టం. అందుకని ఒక నెల చూసి ఈ ఊళ్లో ఫలానా దోమ లేదు అనకు, ఏడాది తిరగనీ.

మందు పరీక్ష సంగతి కాస్త గట్టిగా చెప్తాను, ఎందుకంటే దేశం ఒకసారి దీనికి పెద్ద మూల్యమే చెల్లించింది. 1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. 1961 నాటికి దేశం మొత్తం మీద కేసులు సుమారు 50 వేలకి దిగాయి. మలేరియా పోయిందనే అనుకున్నారు. 1976కి అవి 64 లక్షలు దాటాయి. కారణాలు చాలా ఉన్నాయి, డబ్బు, సిబ్బంది, మందు సమయానికి అందకపోవడం. కానీ క్యూలిసిఫేసిస్ డీడీటీకి చావడం లేదని గుజరాత్‌లోని పంచమహల్ నుంచి 1959లోనే కబురు వచ్చింది. ఇప్పుడు దేశంలో చాలాచోట్ల అది మలాథియాన్‌కి, కొన్నిచోట్ల డెల్టామెత్రిన్‌కి కూడా లొంగట్లేదు. ఫ్లూవియాటిలిస్ చాలావరకు ఇంకా లొంగుతోంది. కాబట్టి నీ ఊళ్లో ఏ దోమ జ్వరం మోస్తోందో తెలియకుండా ఏ మందు కొట్టాలో చెప్పలేవు. పరీక్షలో దోమల్ని గంటసేపు మందు కాగితం మీద ఉంచి, 24 గంటల తర్వాత చచ్చినవి లెక్కపెట్టు. 98 శాతం, అంతకన్నా ఎక్కువ చస్తే లొంగినట్టు, 90 లోపైతే మొండికేసినట్టే. మందు లేని కాగితం మీద ఉంచిన దోమల్లో 20 శాతం దాటి చస్తే ఆ పరీక్ష పారేసి మళ్లీ చెయ్యి. ఎండలో మోసుకొచ్చి అలిసిపోయిన దోమల మీద పరీక్ష చేసి మందు బ్రహ్మాండం అని రిపోర్టు రాస్తే, దాని ఫలితం అనుభవించేది మన్యం పిల్లలు.

గోడలు కూడా చూడు. మందు కొట్టిన వారానికే పండక్కి ఎర్రమట్టి పూస్తే, పేడతో అలికితే మందు ఆ పూత కింద పడిపోతుంది. వాళ్లది తప్పనకు, ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటున్నారు. మందు కొట్టే తేదీలు పండగ చూసి పెట్టాల్సింది మనం. ఎవరు ఎప్పుడు పూశారో నీ బుక్కులో ఉంటే, తర్వాతి రౌండు తేదీ మార్చమని అడగడానికి ఆధారం ఉంటుంది. దోమతెరలదీ అదే దారి. ఎవరింట్లో ఎన్ని తెరలున్నాయని కాదు, రాత్రి ఎన్నింటికి తెరలోకి వెళ్తారు, పోడు కాపలాకి మంచె మీద పడుకున్నప్పుడు తెర వెంట ఉందా, సంత రోజు ఎప్పుడు ఇల్లు చేరతారు, ఇవి అడుగు. నీ దోమ ఎనిమిదింటికి కుడుతుంటే, ఊరు పదింటికి పడుకుంటుంటే, తెర ఎంత మంచిదైనా ఆ రెండు గంటలు ఖాళీయే. జీలుగు కల్లు సీజన్లో ఆ ఖాళీ ఇంకా పెరుగుతుంది. కల్లు మీద ఉపన్యాసం మాత్రం ఇవ్వకు, రెండోసారి ఎవరూ తలుపు తియ్యరు.

కుట్టే సమయం తెలుసుకోవడానికి మా రోజుల్లో కాళ్లు బయటపెట్టి కూర్చుని, వాలిన దోమని వాలినట్టు పట్టేవాళ్లం. నీ ప్రాజెక్టులో అలాంటి పని ఉంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం నీ కళ్లతో చూడు. కూర్చునేవాళ్లకి ముందుజాగ్రత్త మందు, రక్తపరీక్ష, వాళ్ల భాషలో వివరించి తీసుకున్న ఒప్పందం ఉండాలి. ఊరి కుర్రాళ్లకి నాలుగు డబ్బులిచ్చి కూర్చోబెట్టేద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. హుసేన్ ఖాన్ రోజులు పోయాయి. లైట్ ట్రాప్ ఉంది, దాంతో చేసుకోవచ్చు. నీకు జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించుకో. మనకి తెలుసు కదా అని సొంతంగా మాత్రలు మింగే జబ్బు మన డిపార్టుమెంటువాళ్లకే ఎక్కువ.

మీ అమ్మ ఇంకోటి అడిగిందట, 2030కల్లా మలేరియా లేకుండా చేస్తామంటున్నారు, అప్పుడు దీనికి ఉద్యోగం ఎక్కడ అని. శ్రీలంక సంగతి చెప్పు. 2016 సెప్టెంబరులో ఆ దేశానికి మలేరియా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో మన్నార్ దీవిలో, అంతకుముందు అక్కడ లేని, మలేరియా మోసే స్టీఫెన్సై దోమ బయటపడింది. జ్వరాలు లేకపోయినా బావులు, ట్యాంకులు తిరిగి చూసే మనుషుల్ని పెట్టుకున్నారు కాబట్టే దొరికింది. మన విశాఖలో, హైదరాబాదులో మేడ మీద ట్యాంకుల్లో, కట్టే బిల్డింగుల నీటితొట్లలో పుట్టేది ఆ దోమే. 2012లో జిబూటీలో దిగి ఇప్పుడు ఆఫ్రికా పట్టణాల్ని భయపెడుతోంది. కాబట్టి పని కొరత రాదు, మీ అమ్మని టెన్షన్ పడొద్దని చెప్పు.

డిసెక్షన్ సూదులు కొనకు, బజారులో దొరికేవి దబ్బనాల్లా ఉంటాయి. సన్నటి పిన్నులు వెదురు పుల్లలకి బిగించి నేనే చేశాను. ఒక సక్షన్ ట్యూబు, కొన్ని ట్యూబులు, ఆ సూదులు కలిపి మీ నాన్నతో పంపిస్తున్నాను. ట్యూబు మూతి దగ్గర గాజుగుడ్డ ప్రతి నెలా మార్చు, లేకపోతే దోమ నోట్లోకి వస్తుంది. మొదటి నెల బుక్కు నిండాక పేజీలు ఫోటో తీసి పంపు. ముఖ్యంగా మూడో ఈనె దగ్గర నీకు అనుమానం వచ్చినవి విడిగా పెట్టు, దసరాకి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న